చొక్కా మీది పేరు ఎవరు చూస్తున్నారు?

సంపాదకులు గారికి నమస్కారం.

2025 సెప్టెంబరులో భారత క్రికెట్ జట్టు చొక్కా మీదికి కొత్త పేరు వచ్చింది. 2028 మార్చి దాకా 579 కోట్ల రూపాయలకు అపోలో టైర్స్ వాళ్లు పాడుకున్నారు. కాన్వా 544 కోట్ల దగ్గర, జేకే సిమెంట్ 477 కోట్ల దగ్గర ఆగిపోయాయి. ఈ అంకెలన్నీ పత్రికల్లో చదివాం. అంతకుముందు అక్కడున్న డ్రీమ్ ఎలెవన్ పేరు మన రెండు రాష్ట్రాల్లోనూ డబ్బు పెట్టి ఆడే వీల్లేని ఆటది అన్న మాట మాత్రం నేను చూసిన క్రీడల పేజీల్లో ఎక్కడా లేదు. ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. సంక్రాంతి టోర్నమెంట్లు దగ్గరికొచ్చేశాయి కాబట్టి ఇక నేనే రాస్తున్నాను.

నాది తెనాలిలో ఆటసామాన్ల షాపు. బ్యాట్లు, షటిల్ కాక్‌లు, క్యారమ్ బోర్డులు అమ్ముకుంటాడని అందరూ అనుకుంటారు గాని, ఇప్పుడు షాపు అద్దె కట్టేది చొక్కాలే. వాటిలో రెండు రకాలు. టీమిండియా రంగులో, ఐపీఎల్ జట్ల రంగుల్లో తిరుపూరు నుంచి, మీరట్ నుంచి బేళ్లలో వచ్చేవి ఒక రకం. ఊళ్ల టోర్నమెంట్లకు జట్టు పేరు, ఆటగాడి పేరు, నంబరు వేయించి ఆర్డరు మీద ఇచ్చేవి రెండో రకం. అసలు కంపెనీ చొక్కా సంగతంటారా, 2023లో అడిడాస్ వాళ్లు టీమిండియా జెర్సీ తెచ్చినప్పుడు మైదానంలో ఆటగాళ్లు వేసుకునే రకం 4,999 రూపాయలు, దాని కింది రకం 2,999, అభిమానుల రకం 999 అని ధర పెట్టారు. ఎనిమిదో తరగతి పిల్లాడికి మా దగ్గర తండ్రి ఎంతలో కొనిస్తాడో మీకు నేను చెప్పక్కర్లేదు. నకళ్ల గొడవ వేరే ఉత్తరానికి సరిపోయేంత ఉంది, ఇప్పుడు దాన్ని కదపను.

చొక్కా మీద పేరు మారితే ఆ దెబ్బ మొదట తగిలేది మాలాంటి షాపులకే. పాత పేరున్న సరుకును పిల్లలు ముట్టుకోరు. వేసుకుని గ్రౌండుకు వెళ్తే తోటివాళ్లు ఏడిపిస్తారట. పాత పేర్ల చొక్కాలు, ముఖ్యంగా చిన్న సైజులు, ఇప్పటికీ నా అటక మీద ఉన్నాయి. అప్పుడప్పుడు దులిపి పెడుతుంటాను. వాటిని వరసగా పేర్చి చూస్తే, మన దేశంలో ఏ కాలంలో ఎవరి దగ్గర డబ్బు ఆడిందో తెలిసిపోతుంది.

1990లలో ఆ చొక్కా మీద ఉన్నది విల్స్. సిగరెట్టు పేరు. 1996లో మన దేశంలోనూ, పాకిస్థాన్, శ్రీలంకల్లోనూ జరిగిన ప్రపంచ కప్పు పేరే విల్స్ వరల్డ్ కప్. మా గుంటూరు జిల్లావాళ్లకు ఆ పేరు కొత్తేం కాదు. ఐటీసీ వాళ్ల పొగాకు విభాగం గుంటూరులోనే ఉంది, చీరాలలో ఆకు ఫ్యాక్టరీ ఉంది, వర్జీనియా పొగాకు మీద బతికిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల వేలల్లో ఉన్నాయి. అయినా 2001లో కేంద్రం పొగాకు ప్రకటనల మీద బిల్లు తెస్తుందనగానే ఆ కంపెనీ తనంతట తానే ఆటల స్పాన్సర్‌షిప్ నుంచి తప్పుకుంది. 2003లో చట్టం కూడా వచ్చింది. ఆ తర్వాత క్రికెట్ ఆగలేదు, పొగాకు పండించడమూ ఆగలేదు. ఆటగాడి ఛాతీ మీద నుంచి సిగరెట్టు పేరు పోయింది, అంతే జరిగింది.

ఆ తర్వాత సహారా, దాదాపు పన్నెండేళ్లు. లక్షల మంది చిన్న మదుపరుల నుంచి సేకరించిన 24 వేల కోట్ల పైచిలుకు సొమ్మును వడ్డీతో వెనక్కి ఇవ్వమని సుప్రీంకోర్టు ఆ గ్రూపు కంపెనీలను ఆదేశించింది 2012 ఆగస్టులో. చొక్కా మీద ఆ పేరు 2013 డిసెంబరు దాకా ఉంది. ఆదేశం వచ్చాక కూడా ఏడాది దాటి దేశం తరఫున ఆడేవాళ్లు ఆ పేరును మోశారు. రోజుకు పదీ ఇరవై కట్టినవాడు సాయంత్రం టీవీలో మ్యాచ్ చూస్తూ ఏమనుకుని ఉంటాడో ఎప్పుడైనా ఆలోచించారా? టీమిండియా చొక్కా మీదే ఉంది కదా, మన డబ్బు ఎక్కడికి పోతుంది అనుకుని ఉంటాడు. ఆ చోటుకు అంత ధర పలికేది ఈ నమ్మకం వల్లే.

స్టార్, ఒప్పో సంగతి వదిలేయండి. ఒప్పో 1,079 కోట్లకు ఐదేళ్లని వచ్చి రెండున్నరేళ్లు కూడా ఉండలేదు. ఆ మిగిలిన కాలం బైజూస్ చేతికి వెళ్లింది. పిల్లల చదువుల కంపెనీ అనేసరికి తల్లిదండ్రులు కూడా ఇష్టంగా కొన్న చొక్కా అది. చివరికి 158.9 కోట్ల బాకీ వసూలు కోసం క్రికెట్ బోర్డే బెంగళూరులో కంపెనీ లా ట్రైబ్యునల్ మెట్లెక్కింది. 2024 జూలైలో ట్రైబ్యునల్ ఆ కంపెనీని దివాలా ప్రక్రియలోకి పంపింది. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు. ప్రపంచంలోకెల్లా డబ్బున్న క్రికెట్ బోర్డుకే పేరు వెనక ఏముందో తెలియకపోతే, చొక్కా చూసి నమ్మేవాడికి ఏం తెలుస్తుంది?

ఇక అసలు సంగతికి వస్తాను.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. నైపుణ్యం ఉన్న ఆటలకు అంతకుముందు ఉన్న మినహాయింపును కూడా తీసేసింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2020 సెప్టెంబరు 3న అదే నిర్ణయం తీసుకుంది. నిర్వాహకులకే కాదు, ఆడేవాళ్లకు కూడా జైలు శిక్ష పెట్టింది. ఇప్పుడు తేదీలు చూడండి. దానికి రెండు వారాల ముందే, ఆగస్టులో, చైనా గొడవ వల్ల వివో తప్పుకున్న ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్‌షిప్‌ను డ్రీమ్ ఎలెవన్ 222 కోట్లకు తీసుకుంది. సెప్టెంబరు 19న అబుదాబిలో టోర్నీ మొదలైంది. అంటే మన ప్రభుత్వం ఏ రకం ఆటను వద్దందో, ఆ రకం ఆట పేరే అదే నెలలో ఐపీఎల్ పేరుకు ముందు చేరి రోజూ మన ఇంటికొచ్చింది. లాక్‌డౌన్ రోజులు, బడులు లేవు, పిల్లల చేతుల్లో ఆన్‌లైన్ క్లాసుల ఫోన్లు. ఆ ఏడాది నవంబరు నుంచి టీమిండియా చొక్కా తయారుచేసే హక్కు కూడా ఎంపీఎల్‌కు వెళ్లింది. అదీ డబ్బు పెట్టి ఆడే ఆటల కంపెనీయే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. డ్రీమ్ ఎలెవన్ మన రాష్ట్రాల నుంచి డబ్బు ఆటలకు దారి మూసింది. అది ఆడించే ఫాంటసీ ఆట, అంటే నిజం ఆటగాళ్లను ఎంచుకుని మనమే ఊహా జట్టు కట్టుకునేది, నైపుణ్యంతో ఆడేదని వేరే రాష్ట్రాల హైకోర్టులు చెప్పిన మాటా ఉంది. ఆ కంపెనీ చట్టం తప్పిందని నేను అనడం లేదు. నా ప్రశ్న వేరు. ఇక్కడ అమ్మకూడని సరుకు పేరును ఇక్కడ అంతగా చూపించడం ఏమిటి?

దీని వెనక వ్యాపారం ఎలా నడుస్తుందో నాకు కొంత తెలుసు, ఎందుకంటే చిన్న స్థాయిలో నేనూ అదే చేస్తాను. జాతీయ స్పాన్సరు కొనేది మొత్తం దేశం చొక్కాను, మొత్తం ప్రసారాన్ని. గుంటూరు, వరంగల్ మినహాయించి కొనడు, బోర్డు అలా ముక్కలు చేసి అమ్మదు. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చాక మన భాషలో కామెంటరీ వింటున్నాం, సంతోషం. ఆ ఛానల్ చూసేవాళ్లలో ఎక్కువ మంది ఉండేది ఎక్కడ? ఆ ఆటలు నిషేధించిన రెండు రాష్ట్రాల్లోనే. బెంగళూరులో, చెన్నైలో ఉన్న తెలుగువాళ్లు చూడరని కాదు గాని, లెక్కలో వాళ్లెంత? అయినా ఓవరుకు ఓవరుకు మధ్య ఫాంటసీ యాప్‌ల ప్రకటనలు తెలుగులో వచ్చాయి. అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఫలానా ఫలానా రాష్ట్రాల్లో వర్తించదు అని ఒక వరస. ఆ వరసలో మన పేర్లు కూడా ఉండేవి. ఈ ఆటలో డబ్బు పోవచ్చు, అలవాటు పడిపోవచ్చు అనే హెచ్చరికకు ప్రకటనలో ఐదో వంతు జాగా ఇవ్వాలని, మామూలుగా మాట్లాడే వేగంతో చదవాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2020 డిసెంబరు నుంచి నియమం పెట్టింది. చట్టం నిషేధించిన పనులను ప్రోత్సహించే ప్రకటనలు వేయవద్దని సమాచార ప్రసార శాఖ అదే నెలలో టీవీ ఛానళ్లకు సూచన పంపింది. సూచన కాగితం మీద ఉంది, ప్రకటన తెర మీద ఉంది.

షాపులో ఒక కుర్రాడు అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "అంకుల్, ఇది మన దగ్గర రాదంట కదా, మరి మనవాళ్ల చొక్కా మీద ఎందుకుంది?" వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అతను 32 సైజు ఇవ్వమని అడిగి బిల్లు కట్టాడు.

2023 జూలైలో 358 కోట్లకు డ్రీమ్ ఎలెవన్ పేరు టీమిండియా ఛాతీ మీదికే వచ్చింది. దానికి నెల ముందు బోర్డు పిలిచిన టెండర్లో ఎవరెవరు వేయకూడదో ఒక జాబితా ఉంది. మద్యం, పొగాకు, బెట్టింగ్, క్రిప్టో. డబ్బు పెట్టి ఆడే ఆటలు కూడా ఉన్నాయి, పక్కనే ఒక మినహాయింపుతో: ఫాంటసీ ఆటలు తప్ప. ఈ ఒక్క మినహాయింపు గురించి ఆనాడు మన పత్రికలు ఒక పూట చర్చ పెట్టి ఉంటే ఎంత బాగుండేది. ఆ 'తప్ప' పుణ్యాన ఏం జరిగిందో చూడండి. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టుల్లో సెంచరీ కొట్టాడు. గ్యాలరీలో వాళ్ల నాన్న కన్నీళ్లు పెట్టుకున్న ఫొటో తెలుగు పత్రికల్లో వచ్చింది, నేను కత్తిరించి షాపులో అంటించాను. నితీశ్ బ్యాటు ఎత్తిన ఫొటోలో తెల్ల చొక్కా మీద ఉన్న పేరు ఏమిటి? అతని సొంత రాష్ట్రంలో ఆడే వీల్లేని ఆటది. 2025 ఆగస్టు 4న ఓవల్‌లో ఆఖరి వికెట్ తీసి ఆరు పరుగుల తేడాతో గెలిపించిన హైదరాబాదు సిరాజ్ చొక్కా మీదా అదే పేరు. వాళ్లిద్దరి తప్పేం లేదు. ఇచ్చిన చొక్కా వేసుకున్నారు.

ఆ తర్వాత మూడు వారాలు తిరక్కుండానే పార్లమెంటు చట్టం చేసింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. వాటికి ప్రకటన ఇస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. చట్టం మీద కేసులు నడుస్తున్నాయి, కోర్టులు ఏం చెబుతాయో చూడాలి. ఈలోగా 358 కోట్ల ఒప్పందం మధ్యలో ఆగిపోయింది. సెప్టెంబరులో కొత్త టెండరు పిలిచినప్పుడు బోర్డు పాత మినహాయింపును తీసేసింది. ఏ మాత్రం కష్టం లేకుండా తీసేసింది. 2023లో దక్కిన దానికన్నా ఇప్పుడు ఎక్కువే వచ్చింది కూడా. ఆ డబ్బు లేకపోతే క్రికెట్ ఏమైపోతుందోనని వాదించినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో తెలియదు.

మధ్యలో ఆసియా కప్ వచ్చింది. మన జట్టు యూఏఈలో జట్టు స్పాన్సరు పేరు లేకుండా ఆడింది. ఛాతీ మీద పెద్దగా ఇండియా అని మాత్రమే. సెప్టెంబరు 28న పాకిస్థాన్ మీద ఫైనల్లో తిలక్ వర్మ 69 పరుగులతో నాటౌట్‌గా నిలిచి గెలిపించాడు. దసరా సెలవుల్లో మా షాపులో అడిగిందంతా ఆ పేరు లేని చొక్కానే. వెనక తిలక్ అని తెలుగులో వేసివ్వమన్నవాళ్లు కూడా వచ్చారు. ప్రపంచ కప్పుల్లో ఎప్పుడూ ఇంతే కదా. ఐసీసీ టోర్నీల్లో ఛాతీ మీద దేశం పేరే ఉండాలి, స్పాన్సరు చేతి మీదికి పోవాలి. నవంబరు 2న మన అమ్మాయిలు ప్రపంచ కప్ గెలిచినప్పుడు కడప జిల్లా శ్రీచరణి చొక్కా మీద కూడా దేశం పేరే పెద్దగా కనపడింది. ఆ వారమే మొదటిసారి ఆడపిల్లల సైజుల్లో టీమిండియా చొక్కాలు కావాలని తల్లులు వచ్చి అడిగారు. నా దగ్గర లేవు. తిరుపూరు వాళ్ల దగ్గరా లేవు. మార్కెట్ అంతా తెలుసనుకునే పెద్ద కంపెనీలు ఈ సంగతి కూడా కాస్త చూస్తే బాగుంటుంది.

చట్టం వచ్చింది కదా, ఇంకా ఈ ఉత్తరం ఎందుకని మీరు అనుకోవచ్చు. పెద్ద చొక్కా మీద పేరు పోయింది గాని, చిన్న చొక్కా మీదికి వస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

మా వైపు సంక్రాంతి టోర్నమెంట్లు తెలియనివాళ్ల కోసం చెబుతాను. కోతలైపోయిన పొలంలోనో, హైస్కూలు గ్రౌండులోనో టెన్నిస్ బంతితో ఆడతారు. మొదటి బహుమతి ఫలానా వారి జ్ఞాపకార్థం అని ఫ్లెక్సీ వేస్తారు. ప్రతి జట్టుకూ చొక్కాలు కావాలి. ఒక్కోటి 250, 300 పడుతుంది, మొత్తం అచ్చు వేసే రకం కాబట్టి ఎన్ని పేర్లు వేసినా ధర మారదు. అందుకని చొక్కా మొత్తం పేర్లే. ఛాతీ మీద ఎరువుల షాపు, చేతి మీద కోచింగ్ సెంటరు, వీపు మీద నాయకుడి ఫొటో, దాని కింద ఎక్కడో ఆటగాడి నంబరు. నాకు ఇందులో అభ్యంతరం లేదు. ఎరువుల షాపాయన ఎక్కడుంటాడో అందరికీ తెలుసు. మందు పనిచేయకపోతే వెళ్లి నిలదీస్తారు. నిలదీసిన సంగతులూ ఉన్నాయి.

ఈ ఏడాది కొన్ని ఆర్డర్లు వేరే రకంగా వస్తున్నాయి. డిజైన్ వాట్సాప్‌లో వస్తుంది. స్పాన్సరు ఎవరయ్యా అంటే "అన్న పంపించాడు" అంటారు. ఏ అన్న అంటే చెప్పరు. పేరు చూస్తే బెట్టింగ్ యాప్‌ల పేర్ల లాగా చివర బుక్ అనో, ఎక్స్‌చేంజ్ అనో, న్యూస్ అనో ఉంటుంది. ఊరు ఉండదు, ఒక వాట్సాప్ నంబరు ఉంటుంది. అన్ని జట్ల చొక్కాలకూ వాళ్లే ముందుగా డబ్బు కట్టేస్తారు. బేరం ఆడరు. మా వ్యాపారంలో బేరం ఆడని మనిషిని చూస్తే భయపడాలి. అలాంటి ఆర్డరు ఒకటి నేను వేయనన్నాను. కుర్రాళ్లు నాతో గొడవ పడలేదు, పక్క ఊళ్లో వేయించుకున్నారు. ఆ మ్యాచ్‌లు యూట్యూబ్‌లో లైవ్ కూడా పెడుతున్నారు, డ్రోన్ కెమెరాతో. స్కోరు పట్టీ కింద అదే నంబరు తిరుగుతూ ఉంటుంది.

ఇది మరీ అనుమానం అంటారా? 2022 జూలైలో గుజరాత్‌లోని మెహసానా జిల్లా మోలిపూర్‌లో ఏం జరిగిందో మీ పత్రికల్లోనే చదివాను. పొలంలో పిచ్ వేసి, కూలీలకు మ్యాచ్‌కు 400 రూపాయలు ఇచ్చి, చెన్నై, ముంబయి, గుజరాత్ జట్ల చొక్కాలు తొడిగి, అదే ఐపీఎల్ అని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. రష్యాలో కూర్చున్నవాళ్లు దాని మీద పందాలు కాశారు. కామెంటేటర్ గొంతును అనుకరించడానికి కూడా ఒక మనిషిని పెట్టుకున్నారు. వార్త చదివినవాళ్లందరూ నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. కాని ఆ మోసంలో నిజంగా ఉన్నవి ఏమిటి? ఒక పొలం, ఒక కెమెరా, కొన్ని చొక్కాలు. ఆ మూడూ మా మండలంలో ప్రతి ఊళ్లో ఉన్నాయి.

బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని 2025లో తెలంగాణలో కేసులు పెట్టారు, ప్రత్యేక బృందం వేశారు, సినిమా తారలను ఈడీ పిలిచి ప్రశ్నించింది. తారలకు లాయర్లు ఉంటారు. పై చట్టంలో రెండేళ్ల జైలు, 50 లక్షల జరిమానా అన్న లైను రేపు చొక్కాలకు స్పాన్సరు తెచ్చిన ఇంటర్ కుర్రాడికి వర్తిస్తే వాడికి ఎవరున్నారు? వాడు చేసింది ప్రకటన అవుతుందని కూడా వాడికి తెలియదు. అచ్చు వేసిన షాపువాడి సంగతి ఏమిటో నాకూ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. అందుకే వేయనన్నాను.

ఇప్పుడు నేను అడిగేది పెద్దదేం కాదు. హైస్కూలు గ్రౌండు, మున్సిపల్ గ్రౌండు టోర్నమెంటుకు ఇచ్చేటప్పుడు అనుమతి కాగితంతో పాటు స్పాన్సర్ల పేర్లు, వాళ్ల చిరునామా రాయించుకోవాలి. హెడ్మాస్టరుకైనా కమిషనరుకైనా అది అరగంట పని. జిల్లా క్రికెట్ సంఘాలు, రాష్ట్ర సంఘాలు తమ లీగుల్లో ఫ్రాంచైజీలకు ఇదే నియమం పెట్టాలి, పెట్టి ఉంటే ఆ జాబితాను బయట పెట్టాలి. బోర్డు వచ్చేసారి టెండరు పిలిచినప్పుడు నిషేధాల జాబితాలో మళ్లీ ఎక్కడైనా 'తప్ప' అనే మాట చేరిందేమో దయచేసి మీ విలేకరులు చదివి మాకు చెప్పాలి. క్రీడల పేజీలో జాగా లేకపోతే బిజినెస్ పేజీలో వేయండి. అది క్రీడా వార్త కన్నా వ్యాపార వార్తే. ఐపీఎల్ ప్రసార హక్కులు 2023 నుంచి ఐదేళ్లకు 48,390 కోట్లని మొదటి పేజీలో రాసినప్పుడు, ఆ డబ్బును ప్రకటనల రూపంలో తిరిగి ఎవరి నుంచి రాబట్టుకుంటారన్నది లోపలి పేజీలోనైనా రాయాలి కదా.

మీ జిల్లా ఎడిషన్ వాళ్లకు ఇంకో మనవి. సంక్రాంతికి గెలిచిన జట్ల ఫొటోలు వరసగా మీకు వస్తాయి. కప్పు పట్టుకుని నిలబడ్డ పదకొండు మందీ ఆ చొక్కాల్లోనే ఉంటారు. అచ్చు వేసే ముందు ఛాతీ మీద ఏముందో ఒకసారి చదవండి. ఊరూ పేరూ లేని నంబరు కనపడితే ఆ ఫొటో పక్కన పెట్టి, ఆడేటప్పటి ఫొటో ఇంకొకటి అడగండి. కుర్రాళ్లు నొచ్చుకుంటారు, నిజమే. పత్రికలో ఫొటో పడాలంటే ఏ పేరు ఉండకూడదో వచ్చే ఏడాదికి వాళ్లే మా దగ్గరికొచ్చి చెబుతారు.

నా మట్టుకు నేను ఆర్డరు పుస్తకంలో ఒక గడి పెంచాను. జట్టు పేరు, సైజులు, అడ్వాన్సు తర్వాత స్పాన్సరు ఎవరు, ఏ ఊరు, అడిగితే మాట్లాడే మనిషి ఎవరు అని. అది నింపనివాళ్లకు ఛాతీ మీద ఊరి పేరు వేసి ఇస్తానంటున్నాను, అదే ధరకు. కొందరు సరే అన్నారు. తెనాలి, గుంటూరు, బాపట్ల షాపులవాళ్లు ఎవరైనా ఈ పద్ధతి పెట్టుకుంటామంటే ఆ గడి ఎలా రాసుకున్నానో చూపిస్తాను, నా వివరాలు మీ కార్యాలయంలో ఇచ్చాను. పేరు మాత్రం పత్రికలో వేయవద్దని మనవి. నేను ఆర్డరు వేయనని తిప్పి పంపిన కుర్రాళ్లు మా వీధివాళ్లే.

ఇట్లు,
ఆటసామాన్ల షాపు యజమాని,
తెనాలి, గుంటూరు జిల్లా.